సిమ్యులేషన్ పరిశోధనే వృత్తిగా: జె.ఎన్. రెడ్డి గారి దారి చూసి విద్యార్థులు అడిగే ప్రశ్నలు

ఇంజనీరింగ్ సిమ్యులేషన్‌లో, అంటే ఒక వస్తువు ఎలా ప్రవర్తిస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసే విద్యలో, పరిశోధన చేయాలనుకునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. గాలిలో సలహాలు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అందుకని ఒక మనిషి జీవితాన్ని ముందు పెట్టుకుని చెప్తాను. ఆయన జునుతుల నరసింహారెడ్డి. ప్రపంచానికి జె.ఎన్. రెడ్డి.

ఎవరీ రెడ్డి గారు? ఆయన్నే ఎందుకు ఎంచుకున్నారు?

1945 ఆగస్టు 12న వరంగల్ జిల్లాలో పుట్టారు. 1968లో ఉస్మానియాలో మెకానికల్ బీఈ. 1970లో అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్. 1974లో హంట్స్‌విల్‌లోని అలబామా యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ. తర్వాత టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో దశాబ్దాల పాటు ఆచార్యులు. విమానం రెక్క, పడవ పొట్ట, గాలిమర బ్లేడు వంటి పలుచని, పొరలు పొరలుగా ఉండే భాగాలు ఎలా వంగుతాయో కంప్యూటర్‌తో లెక్కగట్టే విద్యలో ఆయన పేరు తెలియని పరిశోధకుడు ఉండడు. ఇలాంటి పలుచని పలకలను ఈ రంగంలో ప్లేట్లు అంటారు. వాటి మీద వచ్చే పరిశోధన పేపర్లలో ‘రెడ్డి సిద్ధాంతం’ అనే మాట ఎంత మామూలుగా కనిపిస్తుందంటే, అది మన పక్క జిల్లా మనిషి ఇంటిపేరు లాంటిదని గుర్తుకు రావడానికి క్షణం పడుతుంది.

ఎంచుకున్నది మనవాడని మాత్రమే కాదు. ఈ వృత్తిలో ఏది నిలబడుతుందో ఆయన దారిలో స్పష్టంగా కనబడుతుంది.

సిమ్యులేషన్ శాస్త్రవేత్త రోజూ చేసే పని ఏమిటి? కంప్యూటర్ ముందు కూర్చుని రంగుల బొమ్మలు తీయడమేనా?

రంగుల బొమ్మ చివర వస్తుంది. దాని ముందు మూడు పనులుంటాయి. మొదటిది, భౌతిక విషయాన్ని సమీకరణంగా రాయడం. రెండోది, ఆ సమీకరణాన్ని కంప్యూటర్ లెక్క చేయగలిగే రూపంలోకి మార్చడం. మూడోది, వచ్చిన జవాబు నమ్మదగిందో కాదో తేల్చడం.

కంపెనీలో సిమ్యులేషన్ ఇంజనీర్ ఎక్కువగా మూడో పనిలో, సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్‌తో ఉంటాడు. పరిశోధకుడు మొదటి రెండింట్లో ఉంటాడు. సగం రోజులు నోటుపుస్తకంలో పెన్నుతోనే గడుస్తాయి. మిగిలిన సగంలో పెద్ద భాగం, కోడ్‌లో తప్పెక్కడుందో వెతుక్కోవడంలో పోతుంది. ఇది ముందే తెలిసి రావడం మంచిది.

ఆయన ఈ రంగంలోకి వచ్చేనాటికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఏ స్థితిలో ఉంది?

పద్ధతి చెప్పడం తేలిక. పెద్ద వస్తువు మొత్తానికి ఒకేసారి జవాబు దొరకదు కాబట్టి దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు సులువైన లెక్క రాసి, అన్నింటినీ మళ్లీ కలిపి కట్టడం. ఆ ముక్కలే ఎలిమెంట్లు. అవి కలిసే బిందువులు నోడ్లు. మొత్తం వల పేరు మెష్.

1943లో గణితజ్ఞుడు కూరాంట్ ఈ ఆలోచనను ఒక పేపర్లో చూపించారు, కానీ అప్పుడు దాన్ని నడిపే కంప్యూటర్ లేదు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ విమాన భాగాల కోసం రాసిన పేపర్‌తో ఇంజనీర్లకు అది అందింది. ‘ఫైనైట్ ఎలిమెంట్’ అన్న పేరు 1960లో క్లఫ్ పెట్టింది. 1967లో జీన్‌కీవిచ్ మొదటి పాఠ్యపుస్తకం వచ్చింది. అంటే రెడ్డి గారు ఉస్మానియా నుంచి బయటికి వచ్చేనాటికి ఈ రంగం మొదటి పుస్తకానికి ఒక్క ఏడు వయసు. ఇంజనీర్లు వాడేస్తున్నారు, బాగానే పనిచేస్తోంది. ఎందుకు పనిచేస్తోందో, ఎప్పుడు పనిచేయదో గణితపరంగా తేల్చినవాళ్లు మాత్రం కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఒకరు జె. టిన్స్‌లీ ఓడెన్. రెడ్డి గారి పీహెచ్‌డీ గైడ్ ఆయనే.

గైడ్ ఎవరన్నది అంత ముఖ్యమా?

ముఖ్యమే. ఊరికే పేరున్న గైడ్ అని చూడకండి, ఆయన దగ్గర ఏ అలవాటు పట్టుబడుతుందో చూడండి. ఓడెన్ దగ్గర పట్టుబడింది ఎనర్జీ సూత్రాలు, వేరియేషనల్ పద్ధతులు, అంటే లెక్క వెనుకనున్న గణితం. 1976లో గురుశిష్యులిద్దరూ కలిసి ఫైనైట్ ఎలిమెంట్ల గణిత సిద్ధాంతం మీద పుస్తకమే తెచ్చారు. పీహెచ్‌డీ అయి రెండేళ్లు. ఆ రోజుల్లో ఒక మెకానికల్ ఇంజనీర్ అంత శుద్ధ గణితం మీద కూర్చోవడం చుట్టూ ఉన్నవాళ్లకు అనవసరంగానే అనిపించి ఉండవచ్చు. దాని ఫలితం ఎనిమిదేళ్ల తర్వాత, 1984లో కనిపించింది.

1984లో ఏం జరిగింది? ఆ ‘థర్డ్ ఆర్డర్ సిద్ధాంతం’ మాకు అర్థమయ్యేలా చెప్పగలరా?

ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త నిదానంగా చెప్తాను.

ఒక వంద పేజీల నోట్‌బుక్ తీసుకోండి. వంచండి. కుట్టు లేని వైపు అంచు చూడండి. ముందు నిటారుగా ఉన్న అంచు ఇప్పుడు ఏటవాలుగా జారింది. పేజీలు ఒకదాని మీద ఒకటి జారాయి. ఆ జారుడే షియర్.

ఇప్పుడు ఆ నోట్‌బుక్ అంచు మీద, వంచకముందే, పెన్నుతో పై పేజీ నుంచి కింది పేజీ దాకా ఒక నిలువు గీత గీశారనుకోండి. వంచాక ఆ గీత ఏమవుతుంది? ప్లేట్ల శాస్త్రమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. 1850లో కిర్కాఫ్ చెప్పిందేమిటంటే, గీత తిన్నగానే ఉంటుంది, వంగిన తలానికి లంబంగానూ ఉంటుంది. అంటే జారుడు అసలు లేదు. పలుచని ఉక్కు రేకుకు ఇది చాలు. 1945లో రైస్నర్, 1951లో మిండ్లిన్ ఇంకో అడుగు వేశారు. (రెడ్డి గారు పుట్టిన ఏడాదే రైస్నర్ పేపర్ వచ్చింది.) వాళ్ల పేరు మీద నిలిచిన సిద్ధాంతంలో గీత తిన్నగానే ఉంటుంది, కానీ లంబంగా ఉండనక్కర్లేదు, వాలవచ్చు. జారుడు వచ్చింది. కానీ మందమంతటా ఒకేలా వచ్చింది. ఇక్కడే చిక్కు. ప్లేటు పై ముఖం మీద ఎవరూ పక్కకు లాగడం లేదు, కింది ముఖం మీదా లాగడం లేదు. అక్కడ షియర్ సున్నా కావాలి. మధ్యలో ఎక్కువ ఉండాలి. ఈ తేడాను సర్దడానికి ఒక దిద్దుబాటు గుణకం వాడతారు. మామూలు ప్లేటుకు అది ఆరింట ఐదు. పొరలు పొరలుగా ఉన్న వస్తువుకు ఆ గుణకం ఎంతో తేల్చడమే పెద్ద పని.

రెడ్డి గారు ఏం చేశారంటే, ఆ గీతను తిన్నగా ఉండనివ్వలేదు. మందం వెంట ఘనరూపంలో, అంటే మూడో ఘాతం దాకా, వంపు తిరగనిచ్చారు. థర్డ్ ఆర్డర్ అన్న పేరు అందుకే. పై కింది ముఖాల మీద షియర్ సున్నా కావాలన్న షరతును ముందే పెట్టారు. దాంతో షియర్ దానంతటదే పారబోలా ఆకారంలో వచ్చేసింది. దిద్దుబాటు గుణకం అక్కర్లేకుండా పోయింది. తెలియని రాశులు మాత్రం పాత సిద్ధాంతంలో ఎన్నో ఇందులోనూ అన్నే, ఐదు. ఒక్క కొత్త తెలియని రాశి కూడా చేర్చకుండా ఇంత మెరుగు తేవడం మామూలు విషయం కాదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఇదే ఆకారంలో స్థానభ్రంశాన్ని, అంటే ఏ బిందువు ఎంత కదులుతుందన్నదాన్ని, 1980లోనే లెవిన్సన్ రాశారు. కానీ ఆయన సమతుల్య సమీకరణాలను పాత సిద్ధాంతం నుంచి తెచ్చి వాడారు. రెడ్డి గారు కల్పిత పని సూత్రం నుంచి, అంటే ఎనర్జీ మూలం నుంచి, సమీకరణాలను మొత్తం మళ్లీ తీశారు. దాంతో లోపలి లెక్కలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఓడెన్ దగ్గర నేర్చిన గణితం పనికొచ్చింది ఇక్కడే.

ఇదంతా ఉక్కు రేకుకు అవసరమా?

పలుచని ఉక్కు రేకుకు అవసరం లేదు. కాంపోజిట్లకు, అంటే వేర్వేరు పదార్థాలను కలిపి చేసే వాటికి, అవసరం. ఉక్కులో సాగుడు బిగువును (లాగితే సాగకుండా నిలిచే గట్టిదనాన్ని) షియర్ బిగువుతో (జారకుండా నిలిచే గట్టిదనంతో) భాగిస్తే సుమారు 2.6 వస్తుంది. కార్బన్ నారలను రెసిన్‌లో పొదిగి చేసే పొరల్లో, నార దిశలో చూస్తే, ఈ నిష్పత్తి 25 దాటిపోవడం మామూలే. అంటే లాగితే మహా గట్టి, జారడానికి మాత్రం మెత్తన. జారుడును పట్టించుకోని లెక్క ఇక్కడ వంపును తక్కువ చేసి చూపిస్తుంది, తట్టుకోగల భారాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది. రెండు తప్పులూ ప్రమాదం వైపే ఉంటాయి. బోయింగ్ 787 బరువులో దాదాపు సగం కాంపోజిట్లే. మన తేజస్ యుద్ధ విమానంలో 45 శాతం వరకు ఉన్నాయి.

అంత మంచి సిద్ధాంతమైతే సాఫ్ట్‌వేర్లన్నీ అదే ఎందుకు వాడవు?

మంచి ప్రశ్న. ప్రతి మెరుగుకూ ఒక ఖర్చుంటుంది. ఈ సిద్ధాంతంతో ఎలిమెంట్ కట్టాలంటే ఎలిమెంట్ల సరిహద్దు దగ్గర వంపు విలువ ఒక్కటే కలిస్తే చాలదు, దాని వాలు కూడా కలవాలి. అలాంటి ఎలిమెంట్లు రాయడం కష్టం. అందుకే వాణిజ్య సాఫ్ట్‌వేర్లలో మొదటి ఘాతం సిద్ధాంతానిదే, అంటే పైన చెప్పిన రైస్నర్, మిండ్లిన్‌ల దానిదే, ఇప్పటికీ పెద్ద వాటా. షియర్ ప్లేట్ సిద్ధాంతాల మీద రెడ్డి గారు కట్టిన ఎలిమెంట్ నమూనాలు అబాకస్, నిసా వంటి సాఫ్ట్‌వేర్లలోకి వెళ్లాయి. 1987లో ఆయన లేయర్‌వైజ్ సిద్ధాంతం తెచ్చారు. అందులో ఒక్కో పొరకూ విడిగా లెక్క. ఖచ్చితత్వం ఇంకా ఎక్కువ, లెక్క ఖర్చూ ఇంకా ఎక్కువ. ఎక్కడ ఏది చాలో తేల్చుకోవడం ఇంజనీర్ పని.

ఆయన ఎన్నో యూనివర్సిటీలు మారారట కదా. అలా మారడం మంచిదేనా?

హంట్స్‌విల్‌లో లాక్‌హీడ్ అనే విమానాల కంపెనీలో కొద్దికాలం పరిశోధకుడిగా ఉన్నారు. 1975 నుంచి 1980 దాకా ఓక్లహోమా యూనివర్సిటీ, ఆ తర్వాత 1992 దాకా వర్జీనియా టెక్, అప్పటినుంచి టెక్సాస్ ఏ అండ్ ఎం. ఊరు మారింది గానీ ప్రశ్న మారలేదు, గమనించండి. పొరల ప్లేటు ఎలా వంగుతుంది, దాన్ని తక్కువ ఖర్చుతో నిజాయితీగా ఎలా లెక్కగట్టాలి అన్నదే దశాబ్దాల పాటు నడిచింది. మధ్యలో ప్రవాహాల లెక్కల్లో పెనాల్టీ పద్ధతి మీద పనిచేశారు, నానో స్థాయి దూలాల మీద పనిచేశారు. 2016లో, డెబ్బై దాటాక, పగుళ్లు ఎలా పాకుతాయో చూసే గ్రాఫియా అనే పద్ధతిని సహచరులతో కలిసి ప్రచురించారు. అన్నింటి కిందా అదే ఎనర్జీ సూత్రాల పునాది.

అవార్డులు?

2015లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ సభ్యత్వం, 2018లో వాన్ కార్మన్ మెడల్, 2019లో టిమోషెంకో మెడల్. చివరిది యాంత్రిక శాస్త్రంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటి. ఆ సిద్ధాంతం వచ్చిన 35 ఏళ్లకు అందింది.

పరిశోధకుడు పాఠ్యపుస్తకాలు రాస్తూ కూర్చుంటే పరిశోధనకు టైం ఉంటుందా?

రెడ్డి గారి ఫైనైట్ ఎలిమెంట్ పాఠ్యపుస్తకం మొదటి ముద్రణ కూడా 1984లోనే వచ్చింది, ఆ సిద్ధాంతం వచ్చిన ఏడాదే. రెండు పనులూ ఒకే మనిషి ఒకే కాలంలో చేశారు. నా అనుభవంలోనూ ఇదే చూశాను: క్లాసులో చెప్పలేక తడబడిన చోటే నాకు అర్థం కాలేదని తెలిసేది. ఆయన పుస్తకంతో చదువుకున్నవాళ్లు మన కాలేజీల్లోనూ వేలల్లో ఉంటారు. సమీకరణం నుంచి బలహీన రూపం (ముక్కల మీద లెక్కగట్టడానికి వీలైన రూపం), అక్కడి నుంచి ఎలిమెంట్ మాత్రిక, అక్కడి నుంచి మొత్తం కూర్పు, ఆ వరుసలో ఒక్క మెట్టూ దాటవేయకుండా నడిపిస్తారు. మొదటిసారి చదివినప్పుడు నెమ్మదిగా అనిపిస్తుంది. ఆ నెమ్మదికి తర్వాత ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పుకున్నానో.

తెలుగువాళ్లలో ఈ రంగంలో ఇంకెవరున్నారు?

సత్య ఎన్. అట్లూరి గారి పేరు తప్పక చెప్పాలి. ఆయనదీ 1945లోనే జననం, గుడివాడలో. ఆంధ్రా విశ్వవిద్యాలయం, బెంగళూరు ఐఐఎస్‌సీ, తర్వాత ఎంఐటీ నుంచి 1969లో డాక్టరేట్. జార్జియా టెక్‌లో చాలాకాలం పనిచేశారు. మెష్ లేకుండానే లెక్కగట్టే పద్ధతిని ఝూతో కలిసి 1998లో ప్రతిపాదించారు. 2013లో పద్మభూషణ్ అందుకున్నారు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు తెలుగువాళ్లలో ఒకరు ఎలిమెంట్‌ను మెరుగుపరిస్తే, ఇంకొకరు ఎలిమెంట్లే వద్దన్నారు. ఈ విషయం మన బీటెక్ క్లాసుల్లో ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తే చాలదా? మూడు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తున్నారు.

బటన్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి చాలు. ఒక పరీక్ష పెట్టుకోండి. మీటరు పొడవు, 50 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ. ఒక చివర గోడలో బిగించారు, రెండో చివర 100 న్యూటన్ల భారం వేలాడదీశారు, అంటే సుమారు పది కిలోలు. పట్టీ సొంత బరువు వదిలేయండి. చివర ఎంత కిందికి దిగుతుంది? ఉక్కు బిగువు 2 లక్షల మెగాపాస్కల్ అనుకుంటే చేత్తో వేసిన లెక్కలో సరిగ్గా 40 మిల్లీమీటర్లు వస్తుంది. గోడ దగ్గర ఒత్తిడి 120 మెగాపాస్కల్. మందం రెట్టింపు చేస్తే దిగేది 5 మిల్లీమీటర్లే.

ఇప్పుడు ఇదే పట్టీని సాఫ్ట్‌వేర్‌లో నాలుగు నోడ్ల టెట్రా (నాలుగు ముఖాలుండే) ఎలిమెంట్లతో, మందంలో ఒకే వరుస పెట్టి చేయండి. 40 రాదు, చాలా తక్కువ వస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఉండదు. రంగుల బొమ్మ అందంగానే ఉంటుంది. ఆ ఎలిమెంట్‌కు వంగడం చేతకాదని, అందుకే అది లేని బిగువు చూపిస్తోందని తెలిసినవాడే తప్పు పట్టగలడు.

నా సంగతే చెప్తాను. చదువుకునే రోజుల్లో ఒక బ్రాకెట్ కంపనాల లెక్క చేశాను. నా లెక్కలో మొదటి ఫ్రీక్వెన్సీ 190 హెర్ట్జ్. టెస్టులో 140 వచ్చింది. వారం రోజులు టెస్టు చేసినవాళ్లనే అనుమానించాను. తప్పు నాది. బ్రాకెట్ నాలుగు బోల్టులతో బిగించి ఉంటే, నేను అడుగు ముఖం మొత్తాన్నీ కదలకుండా కట్టేశాను. ఆ వారం నాకు ఎంతో నేర్పింది, టెస్టు చేసిన ఆ పెద్దాయనకు వెళ్లి క్షమాపణ కూడా చెప్పాను.

నిజంగా ఇలాంటి తప్పుల వల్ల ఏదైనా కూలిందా?

కూలింది. 1991 ఆగస్టు 23న నార్వేలోని స్టావాంగర్ దగ్గర ఒక ఫియర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) స్లైప్నర్ ‘ఎ’ అనే చమురు వేదిక కాంక్రీటు అడుగుభాగాన్ని నీటిలో దింపి పరీక్షిస్తున్నారు. ఒక గోడ పగిలింది. నీళ్లు దూసుకొచ్చాయి, మొత్తం మునిగిపోయి అడుగున ముక్కలైంది. ఆ దెబ్బ భూకంప యంత్రాల్లో 3 తీవ్రతగా నమోదైంది. ప్రాణాలు పోలేదు. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు.

విచారణలో తేలిందేమిటంటే, మూడు గోడలు కలిసే మూల దగ్గర మెష్ ముతకగా ఉంది, ఎలిమెంట్ల ఆకారాలు సరిగ్గా లేవు. దాంతో అక్కడి షియర్ ఒత్తిడి 47 శాతం తక్కువగా లెక్కకు వచ్చింది. దాన్ని నమ్మి అక్కడ ఉక్కు తక్కువ పెట్టారు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా చేసిన లెక్క, 62 మీటర్ల లోతులో పగులుతుందని చెప్పింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే పద్ధతిలో లోపం లేదు. అదే పద్ధతిని శ్రద్ధగా వాడితే మూడు మీటర్ల తేడాతో చెప్పగలిగింది. ఈ ఉదాహరణ నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను.

వెరిఫికేషన్, వాలిడేషన్ అంటే ఒకటేనా?

కాదు. సమీకరణాన్ని సరిగ్గా సాధించామా అన్నది వెరిఫికేషన్. సరైన సమీకరణాన్నే సాధించామా అన్నది వాలిడేషన్. మెష్‌ను సగానికి తగ్గిస్తూ జవాబు స్థిరపడుతోందా అని చూడటం మొదటిది. నా బ్రాకెట్ కథ రెండోది: అక్కడ మెష్ ఎంత సన్నగా చేసినా 190 దగ్గరే ఆగేది.

కోడ్ రాయడం తప్పనిసరా? ఏ భాష?

పరిశోధనకైతే తప్పనిసరి. పైథాన్‌తో మొదలుపెట్టండి, తర్వాత సీ ప్లస్ ప్లస్. పాత కోడ్లు ఫోర్‌ట్రాన్‌లో ఉంటాయి, చదవడం వస్తే చాలు. డబ్బు పెట్టనక్కర్లేదు: కాల్క్యులిక్స్, ఓపెన్‌ఫోమ్, ఫెనిక్స్, డీల్-టూ అన్నీ ఉచితం. మన ఇస్రోలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం తయారుచేసిన ఫీస్ట్ కూడా ఉంది.

సూపర్ కంప్యూటర్ లేకపోతే కష్టమేనా?

నేర్చుకోవడానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఎప్పుడు చాలదో మాత్రం లెక్క తెలియాలి. త్రిమితీయ మెష్‌లో ఎలిమెంట్ సైజు సగం చేస్తే ఎలిమెంట్లు ఎనిమిది రెట్లు అవుతాయి. కారు ఢీకొనడం లాంటి లెక్కల్లో ఇంకో చిక్కు ఉంది. ఉక్కులో శబ్ద తరంగం సెకనుకు సుమారు 5000 మీటర్లు వెళ్తుంది. 5 మిల్లీమీటర్ల ఎలిమెంట్‌ను దాటడానికి దానికి పట్టేది సెకనులో పది లక్షలో వంతు. లెక్కలో ఒక్కో అడుగు అంతకన్నా పెద్దది వేయకూడదు. కాబట్టి పదో వంతు సెకను ప్రమాదానికి లక్ష అడుగులు. ఎలిమెంట్ సగం చేస్తే అడుగులూ రెట్టింపు, మొత్తం పని 16 రెట్లు. పెద్ద యంత్రాలు అవసరమయ్యేది ఇక్కడ. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో మొదలయ్యాక ఐఐటీల్లో, ఐఐఎస్‌సీలో పరమ్ శ్రేణి యంత్రాలు వచ్చాయి. అక్కడ పరిశోధన విద్యార్థులకు వాటి మీద సమయం దొరుకుతుంది.

పీహెచ్‌డీ చేస్తే బతకడానికి సరిపోతుందా? ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

ఇంట్లోవాళ్ల టెన్షన్ తప్పు కాదు. వాళ్లతో అంకెలతో మాట్లాడండి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు. 2023లో సవరించిన లెక్కన జూనియర్ ఫెలోషిప్ 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ 42,000, హాస్టల్ లేనివాళ్లకు ఇంటి అద్దె భత్యం అదనం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న స్నేహితుడి జీతంతో పోలిస్తే తక్కువే, దాచాల్సిన పని లేదు. పీహెచ్‌డీ నాలుగైదేళ్లు పడుతుంది, తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన) ఒకటి రెండేళ్లు. ఇంటికి మీ సంపాదనే ఆధారమైతే ముందు ఉద్యోగం చేసి, రెండుమూడేళ్ల తర్వాత రావడంలో తప్పేమీ లేదు. పరిశ్రమ చూసి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు పదునుగా ఉంటాయి.

తర్వాత ఉద్యోగాలు? ఐఐటీలు, ఎన్‌ఐటీలు ఉన్నాయి. ఇస్రో, డీఆర్‌డీఓ, బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ ల్యాబ్స్ ఉన్నాయి. విమాన, కార్ల కంపెనీల సిమ్యులేషన్ కేంద్రాలు హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లో ఉన్నాయి. ఆచార్య పదవి మాత్రమే లక్ష్యమనుకుంటే పోటీ చాలా ఎక్కువ. దారులన్నీ తెరిచి పెట్టుకోండి.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో పేపర్లు రాయగలనా?

రాయగలరు. మొదటి ఏడాది కష్టంగా ఉంటుంది. రోజూ ఒక పేపర్లో ఒక్క పేరా తీసుకుని, అందులో రచయిత ఏం చెప్పాడో తెలుగులో మీ మాటల్లో రాసుకోండి. అర్థమైంది లేనిదీ అక్కడే తేలిపోతుంది. నా విద్యార్థుల్లో మొదట్లో ఇంగ్లీషుకు భయపడినవాళ్లే తర్వాత స్పష్టంగా రాశారు, ఎందుకంటే అర్థం కాని మాటను వాళ్లు అలాగే వదిలేయలేదు.

ఏఐ వచ్చేసింది కదా, ఈ ఫైనైట్ ఎలిమెంట్లన్నీ పోతాయా?

2019లో రైసీ, పెర్డికారిస్, కర్నియాడాకిస్ రాసిన పేపర్ తర్వాత, భౌతిక సమీకరణాలను న్యూరల్ నెట్‌వర్క్‌కే నేర్పే పద్ధతి మీద చాలా పని జరుగుతోంది. ఆసక్తికరమైన పని. వేల డిజైన్లను త్వరగా జల్లెడ పట్టడానికి అలాంటివి ఉపయోగపడతాయి. కానీ ఆ నెట్‌వర్క్‌కు నేర్పించడానికి కావాల్సిన లెక్కలు ఎక్కువగా ఫైనైట్ ఎలిమెంట్ల నుంచే వస్తాయి. అది చెప్పిన జవాబు సరైందో కాదో చూడటానికీ అదే పట్టీ, అదే 40 మిల్లీమీటర్లు కావాలి. ఈ రంగంలోకి రావాలంటే భయపడకండి, కానీ నెట్‌వర్క్‌తో పాటు మెకానిక్స్ కూడా నేర్చుకుని రండి.

ఇప్పుడు బీటెక్ రెండో ఏడాదిలో ఉన్నాను. రేపటి నుంచి ఏం చేయమంటారు?

లీనియర్ ఆల్జీబ్రా, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ మళ్లీ మొదటినుంచి చదవండి, ఈసారి మార్కుల కోసం కాదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఆచార్యుల ఫైనైట్ ఎలిమెంట్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఒక్క కోర్సు పూర్తిగా చూడండి. ప్రమాణాల విషయంలో ఇప్పుడే జాగ్రత్త అలవాటు చేసుకోండి: ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలు, కానీ మిల్లీమీటర్లు, న్యూటన్లు, టన్నుల పద్ధతిలో అది 7.85ను వంద కోట్లతో భాగించినంత. ఈ ఒక్క చోట తప్పటడుగు వేసినవాళ్లను ఎంతమందిని చూశానో.

ఆపైన, పైథాన్‌లో షియర్‌ను కూడా లెక్కలోకి తీసుకునే ఒక దూలం ఎలిమెంట్ మీ చేత్తో రాయండి. లైబ్రరీ వాడకుండా. యాభై అరవై లైన్లు పడుతుంది. దానికి పైన చెప్పిన ఉక్కు పట్టీ ఇవ్వండి. 40 వస్తే తర్వాత పని మందాన్ని పెంచుతూ పోవడం: 50, 100, 200 మిల్లీమీటర్లు. పలుచని దూలం సూత్రం ఎక్కడ తప్పుతుందో, షియర్ ఎక్కడ బయటపడుతుందో మీ అంకెల్లోనే కనిపిస్తుంది. అది కనిపించిన రోజు రెడ్డి గారి 1984 పేపర్ తెరవండి. ఎనిమిది పేజీలే.